పిస్తోళ్ల ఆయుర్దాయము

గోడ గడియారము ఆగిన దినమున పొద్దును చూచి వేళ తెలిసికొనవచ్చును. బండి ఇరుసు విరిగినచో నడచియైనను ఊరు చేరవచ్చును. పిస్తోలు అట్టి వస్తువు కాదు. అది ఒరలో పదియేండ్లు, ఇరువదియేండ్లు ఊరక నిద్రించును. ఒక్క దినమున, ఒక్క క్షణమున దానితో పనిపడును. ఆ క్షణమున అది పలుకకున్నచో మరునాడు బాగుచేయించుకొందమను మాటకు తావు లేదు. కొనునాటి దాని మెరుగును గూర్చియు, వెలను గూర్చియు వ్రాసినవారు పెక్కురు. ఏబది యేండ్ల పిమ్మట ఆ యంత్రము ఎట్లున్నది, ఎవరి చేతులలో నున్నది, ఇంకను పనిచేయునా యని విచారించినవారు అరుదు. అయినను ఆయుధముల చరిత్రలో నిజమైన పరీక్ష అదియే.

రివాల్వరునకును ఆటోమాటిక్ పిస్తోలునకును గల భేదమును మొదట గ్రహింపవలయును. రివాల్వరులో తూటాలుండు చక్రమును త్రిప్పునది కాల్చువాని చేతి బలము. ఒక తూటా పేలకున్నచో మరల ట్రిగ్గరు లాగిన చాలును. చక్రము తిరిగి మరియొక తూటా ఎదుటికి వచ్చును. ఆటోమాటిక్ పిస్తోలులో ఆ పనిని తూటాయే చేసికొనవలయును. పేలిన తూటా ఎదురుదెబ్బకు పైభాగమున నుండు స్లైడు వెనుకకు పోవును. పోవుచు కాలిన ఖాళీ తొడుగును లాగి బయట పారవైచును, సుత్తిని ఎక్కుపెట్టును. అంతట లోపలి స్ప్రింగు దానిని ముందుకు నెట్టగా, పిడిలోని మాగజైను నుండి క్రొత్త తూటాను ఎత్తుకొనిపోయి గొట్టములో నిలుపును. ఇదంతయు రెప్పపాటులో ముగియును. ట్రిగ్గరు లాగిన ప్రతిసారి ఒక్క గుండే వెలువడును గనుక దీనికి సెమీ ఆటోమాటిక్ అని పేరు. వాడుకలో ఆటోమాటిక్ అనియే అందురు. ముందటి తూటా చేసిన పనిమీద వెనుకటి తూటా రాక ఆధారపడియుండుట దీని సౌకర్యము. అదియే దీని బలహీనతయు. తూటా చెమ్మగిల్లినను, స్ప్రింగు అలసినను, మాగజైను అంచు గోరంత వంగినను గొలుసు తెగును.

జర్మనీలో హ్యూగో బోర్కార్ట్ 1893లో చేసిన పిస్తోలు ఈ జాతిలో మొదట విపణికెక్కిన వానిలో ఒకటి. 1896లో మౌజరు పిస్తోలు వెలువడెను. మన దేశమున ఈ ఆయుధము ప్రసిద్ధికెక్కిన ఘట్టము మాత్రము ఒక గుమాస్తా చేతిమీదుగా జరిగినది.

కలకత్తాలో రోడా కంపెనీ యను ఆయుధ వర్తకులుండిరి. ఓడలలో వచ్చు సరకును కస్టమ్స్ కార్యాలయము నుండి విడిపించి తెచ్చు పని ఆ కంపెనీలో శ్రీశచంద్ర మిత్ర అను గుమాస్తాది. 1914వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన ఆయన 202 పెట్టెలను విడిపించెను. అందు 192 పెట్టెలను కంపెనీ గిడ్డంగికి చేర్చి, తక్కిన వానిని తెత్తునని వెడలి మరల రాలేదు. రాని పది పెట్టెలలో 50 మౌజరు పిస్తోళ్లును, 46,000 తూటాలును కలవు. కాగితములు సరిగా నున్నవి, సంతకములు సరిగా నున్నవి. సరకు మాత్రము విప్లవకారుల యిండ్లకు చేరినది.

1918లో వెలువడిన రౌలట్ సంఘపు నివేదిక ఈ పిస్తోళ్ల తదుపరి చరిత్రను లెక్కవేసి చెప్పినది. వానిలో 44 పిస్తోళ్లు వెంటనే వంగదేశమున తొమ్మిది విప్లవ బృందములకు పంచబడినవి. 1914 ఆగస్టు తరువాత జరిగిన 54 దోపిడులలోను, హత్యలలోను, హత్యాప్రయత్నములలోను వాడబడినవి. నివేదిక నాటికి 31 పిస్తోళ్లు ప్రభుత్వము వారికి మరల చిక్కినవి. ఇంత ఖచ్చితముగా లెక్క తేలుటకు కారణము గమనింపదగినది. ప్రతి పిస్తోలు మీదను ఒక సంఖ్య చెక్కబడియుండెను. ఆ సంఖ్యల జాబితా రోడా కంపెనీ పుస్తకములలో నుండెను. పిస్తోలు చేతులు మారును, గ్రామములు మారును, గోతులలో దాగును; సంఖ్య మారదు.

మౌజరు నిర్మాణము చూచువారికి అబ్బురము గొలుపును. పిడి చెక్కలను పట్టియుంచు మర తప్ప లోపల మరలు లేవు; భాగములు ఒకదానిలో ఒకటి జొనిపిన పొడుపుకథవలె ఇమిడియుండును. దాని కొయ్య ఒరను పిడి వెనుక తగిలించినచో చిన్న తుపాకివలె భుజమున ఆనించి కాల్చవచ్చును. కాని ఇట్టి యంత్రములో ఒక చిన్న భాగము విరిగినచో ఆ భాగమే కావలయును. దానికి మారుగా ఊరి కమ్మరి చేసినది పనికిరాదు. ఆ భాగము దొరకు చోటు జర్మనీ. జర్మనీతో ఆనాడు బ్రిటిషు సామ్రాజ్యము యుద్ధము సాగించుచుండెను. గుప్తముగా దాచుకొన్న ఆయుధమునకు మరమ్మతు చేయువాడు లేడు, నూనె పెట్టి తుడుచు వేళలు లేవు, వంగదేశపు చెమ్మ మాత్రము కలదు. తూటాలు తరుగుచుండును గాని పెరుగవు. 1915 సెప్టెంబరు 9వ తేదీన బాలాసోరు సమీపమున జతీంద్రనాథ ముఖర్జీ నలుగురు సహచరులతో మౌజరు పిస్తోళ్లు చేబూని సాయుధులైన పోలీసుల నెదిరించెను. గాయపడి మరునాడు ఆసుపత్రిలో కన్నుమూసెను. ఆ పోరాటము నాటికి ఆ పిస్తోళ్లు ఈ దేశమున అడుగిడి ఒక్క సంవత్సరము మాత్రమే యైనది. ఆయుధము క్రొత్తది, దాని వెనుక నుండవలసిన కొట్టు, పనివాడు, సరఫరా లేవు.

ఇవన్నియు సమకూడినచో పిస్తోలు ఎంతకాలము నిలుచునో అమెరికా సైన్యపు చరిత్ర చూపినది.

ఫిలిప్పైను దీవులలో మోరోలతో జరిగిన పోరాటములలో ఆ సైన్యపు .38 అంగుళముల రివాల్వరు గుండు ఎదుటివానిని ఆపజాలదని తేలెను. 1904లో చికాగో పశువధశాలలలో పరీక్షలు జరిపి, .45 అంగుళములకు తక్కువగాని గుండు కావలెనని నిశ్చయించిరి. గుండు పెద్దదైనకొలది ఎదురుదెబ్బ పెద్దదగును. ఎదురుదెబ్బ పెద్దదైనకొలది యంత్రము త్వరగా అరుగును. ఈ చిక్కును విడదీసినవాడు జాన్ బ్రౌనింగ్. ఈయన యూటా రాష్ట్రమున ఆగ్డెన్ పట్టణములో తుపాకులు చేయువాని కుమారుడు. తండ్రి దుకాణములోనే పని నేర్చినవాడు.

1911 మార్చిలో తుది పరీక్ష జరిగెను. కోల్టు కంపెనీ చేసిన బ్రౌనింగ్ పిస్తోలును, సావేజ్ కంపెనీ పిస్తోలును ప్రక్కప్రక్కన నిలిపి ఒక్కొక్కదానినుండి 6,000 తూటాలు కాల్చిరి. నూరు తూటాలకొకసారి చల్లారుటకు విరామము. వేయి తూటాలకొకసారి తుడిచి నూనె పెట్టుట. అంతకు మించిన ఉపచారము లేదు. సావేజ్ పిస్తోలు 37 మారులు మొరాయించెను. బ్రౌనింగ్ పిస్తోలు ఒక్కమారును ఆగలేదు. ఆ నెల 29వ తేదీన సైన్యము దానిని అంగీకరించి, సంవత్సరమును బట్టి ఎం 1911 అని పేరిడెను. ఈ 6,000 సంఖ్య నేటికిని పిస్తోళ్ల ప్రియుల నోట తారకమంత్రమువలె ఆడుచుండును. కాని అది రెండు మూడు దినముల పరీక్ష. దీర్ఘాయువునకు సాక్ష్యము కాదు. వేయి తూటాలకొకసారి తుడిచి నూనె పెట్టిరన్న సంగతిని ఆ సంఖ్యతోపాటు ఎవరును స్మరింపరు.

అసలు సాక్ష్యము రెండవ ప్రపంచయుద్ధమున దొరకినది. ఒక్క కోల్టు కంపెనీ అవసరమునకు చాలకపోగా ప్రభుత్వము ఇతర కర్మాగారములకు పని పంచిపెట్టెను. మన కార్యాలయములలో తరతరములుగా టకటకలాడిన రెమింగ్టన్ టైపు యంత్రముల కంపెనీయే 8 లక్షలకు పైగా పిస్తోళ్లు చేసినది. రైలు సిగ్నళ్లు చేయు కంపెనీ యొకటి వేలకొలది చేసెను. కుట్టు యంత్రముల సింగర్ కంపెనీ 500 మాత్రమే చేసి ఇతర పనులకు మరలెను; ఆ 500 నేడు సేకరణకర్తలు బంగారమువలె చూచుకొనునవి.

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు యంత్రముల మీద చేసిన భాగములు ఒకదానికొకటి అమరవలయునని సైన్యము నియమము పెట్టెను. ఒక పిస్తోలు గొట్టము, మరియొక పిస్తోలు స్లైడు, ఇంకొకదాని చట్రము తీసి కలిపినను అది పనిచేయవలయును. వినుటకు సులభము, చేయుటకు అంగుళములో వేయవ వంతుల లెక్క. యుద్ధమునకు ముందు నేర్పరులైన పనివాండ్రు ఆకురాయి చేతబట్టి ఒక్కొక్క పిస్తోలును విడివిడిగా అమర్చెడివారు. అట్టి పిస్తోలు మృదువుగా నడచును గాని దాని భాగము మరియొకదానికి చెల్లదు. ఆ పనివాడు పోయిన పిమ్మట ఆ పిస్తోలునకు వైద్యుడు లేడు. యుద్ధకాలపు పిస్తోళ్లు మోటువి, కొంచెము గలగలలాడునవి; ఐనను ఎక్కడి భాగము నెక్కడనైనను వేసికొనగల యంత్రములు. అందమునకును ఆయుర్దాయమునకును ఒప్పందము లేదని ఇచ్చట తోచును.

1945తో ప్రభుత్వపు కొనుగోలు ఆగిపోయెను. ఆపైన నలుబది యేండ్లు ఒక్క క్రొత్త పిస్తోలైనను సాధారణ సైన్యమునకు కొనలేదు. కొరియా, వియత్నాము యుద్ధములు ఆ పాతవానితోనే గడచినవి. 1985 జనవరి 14వ తేదీన ఇటలీ దేశపు బెరెట్టా పిస్తోలును ఎన్నుకొనువరకు అవియే సైనికుల నడుముననుండెను. ఆ నలుబది యేండ్లును వానిని బ్రతికించినవారు సైన్యపు డిపోలలోని పనివారు. పిస్తోళ్లను మూటలుగా రప్పించి, విప్పి, కొలిచి, అరిగినవి పారవైచి, నిలిచినవి కడిగి, రంగువేసి, మరల కూర్చి పంపెడివారు. అందుచేతనే ఒక సంఖ్య గల చట్రముపై మరియొక కంపెనీ స్లైడు, మూడవ కంపెనీ గొట్టము గల పిస్తోళ్లు నేడు తరచుగా కనబడును. ఇట్టిదానిని పాతదందుమా, క్రొత్తదందుమా? తాత కాలపు పడవకు పలకలన్నియు మార్చినను అది తాతగారి పడవయే యని గోదావరి రేవులలో అనుకొనునట్లే, సైన్యపు పుస్తకములలో చట్రముమీది సంఖ్యయే పిస్తోలు.

పిస్తోలులో అరుగునవి ఏవో ఈ దీర్ఘానుభవముననే తేలినవి. ఉక్కు చట్రము దశాబ్దములు నిలుచును. గొట్టము వేలకొలది తూటాలకు ఓర్చును. మొదట అలయునది స్లైడును ముందుకు నెట్టు స్ప్రింగు. అది మెత్తబడినచో స్లైడు వెనుకకు మరింత వేగముగా పోయి చట్రమును కొట్టును. ఆ దెబ్బలు చట్రమునకు తగులుచు తుదకు పగులు తెచ్చును. కొద్ది వెల గల స్ప్రింగును వేళకు మార్చని లోభము విలువైన చట్రమును బలిగొనును. రెండవది ఖాళీ తొడుగును లాగు కొక్కెము. దాని బిగువు తగ్గినచో తొడుగు లోపలనే చిక్కుకొనును. మూడవది మాగజైను. నేలమీద పడి అంచు వంగిన మాగజైను నూటికి ఎక్కువ పాళ్లు మొరాయింపులకు మూలము. నింద మాత్రము పిస్తోలు మీద పడును. తూటాలు నింపియుంచిన మాగజైను స్ప్రింగు చచ్చిపోవునని చాలమంది భయపడుదురు. మంచి ఉక్కుతో చేసిన స్ప్రింగు నొక్కబడియున్నంతమాత్రమున వేగముగా అలయదు. పలుమారులు నొక్కబడి వదలబడుటచేతనే అలయును.

ఇక తుప్పు సంగతి. పూర్వపు తూటాల అడుగున నుండు ప్రైమరులో పొటాషియం క్లోరేటు కలిపెడివారు. అది పేలినప్పుడు పుట్టు పొటాషియం క్లోరైడు ఉప్పు జాతి పదార్థము. వానకాలమున వంటింటి ఉప్పుజాడీ ఎట్లు చెమర్చునో గృహిణుల కెరుకయే. గొట్టము లోపల అంటిన ఉప్పు గూడ అట్లే గాలిలోని చెమ్మను లాగి ఒక రాత్రిలో ఉక్కును తినును. నూనె రాచిన చాలునని తలచినవారు మోసపోయిరి. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుచేత సబ్బు కలిపిన వేడినీటితో గొట్టమును కడిగి, ఆరబెట్టి, అటుపిమ్మట నూనె పెట్టుమని సైనికులకు నేర్పెడివారు. ఉక్కుకు నీరు తగులనీయరాదని నేర్చిన చేతికి ఇది తలక్రిందుల పాఠము. 1950వ దశకపు తొలినాళ్లకు అమెరికా సైన్యపు .45 తూటాలలో ఈ ఉప్పు పుట్టని ప్రైమరులు వచ్చినవి. కాని పాత తూటాలతో కాల్చి, కడుగక పెట్టెలో పెట్టిన పిస్తోళ్ల గొట్టములు నేటికిని లోపల మశూచి మచ్చలతో కనబడును.

క్రొత్త బెరెట్టా వచ్చినంతమాత్రమున చింత తీరలేదు. 1980వ దశకము ముగియుచుండగా కొన్ని పిస్తోళ్ల స్లైడులు పగిలి వెనుకకు ఊడివచ్చి కాల్చువారి ముఖములకు తగిలినవి. ఉక్కులోని లోపమా, అతిగా బలము గల తూటాలా అని వాదము జరిగినది. తుదకు సుత్తి ఇరుసు తలను పెద్దది చేసి, స్లైడు విరిగినను ఊడిరాకుండ నివారించిరి. 2003 తరువాత ఇరాకు ఎడారిలో మరియొక చిక్కు పుట్టెను. మాగజైనుల లోపల దట్టముగా పట్టించిన పూత గరుకుగా నుండుటచేత సన్నని ఇసుక దానికంటుకొని తూటాలు పైకి లేచెడివి కావు. పిస్తోలు నాటిదే, పేరు నాటిదే; మాగజైను మారెను, నమ్మకము పోయెను.

బ్రౌనింగ్ తుది రచన చరిత్ర మన దేశమునకు మరింత దగ్గరిది. ఆయన 1926 నవంబరు 26వ తేదీన బెల్జియములో, ఎఫ్.ఎన్. కర్మాగారములో పనిమీద నుండగనే గుండె ఆగి మరణించెను. సగములో నిలిచిన పిస్తోలు నమూనాను ఆ కర్మాగారపు ఇంజనీరు దియొదొన్నే సెవ్ పూర్తిచేసెను. 13 తూటాలు పట్టు ఈ పిస్తోలు 1935లో హైపవరు పేర వెలువడెను. 1940లో జర్మనులు బెల్జియమును ఆక్రమించి అదే కర్మాగారములో తమ సైన్యమునకు దానిని చేయించుకొనిరి. మరియొక ప్రక్క కెనడాలో టొరంటో నగరపు జాన్ ఇంగ్లిస్ కంపెనీ 1944లో దానిని చేయ మొదలిడెను. మొదటి గిరాకి చైనా ప్రభుత్వము. ఆనాడు చైనాకు సామగ్రి చేరు దారి భారతదేశము మీదుగా, హిమాలయ శిఖరముల పైనుండి విమానములలోనే. అందుచేత ఆ సరఫరా సవ్యముగా సాగలేదు. యుద్ధము ముగియునప్పటికి ఇంగ్లిస్ కంపెనీ సుమారు లక్షన్నర పిస్తోళ్లు చేసి, పిదప గృహోపకరణములు చేయుటకు మరలెను.

తనకు మిగిలిన ఆ పిస్తోళ్లనే కెనడా సైన్యము వాడుకొనెను. ఎంతకాలము? 1944-45లో చేసినవానికి మారు క్రొత్తవి కొనుటకు 2022లో గాని ఒప్పందము కుదరలేదు. డెబ్బదియైదేండ్లు దాటిన యంత్రము తాత నడుమునుండి మనుమని నడుమునకు వచ్చినది. చేసిన కంపెనీ ఆ పని విడిచి దశాబ్దములైనది, విడిభాగములు కరవైనవి, ఒక పిస్తోలు కడుపు కోసి మరియొకదానిని బ్రతికింపవలసిన దశ వచ్చెను. దానిని కొందరు పిస్తోలు గొప్పతనమనిరి, కొందరు ప్రభుత్వపు నిర్లక్ష్యమనిరి. రెండును నిజమే. బ్రిటిషు సైన్యము 1954లో స్వీకరించిన హైపవరును 2013లో మార్చుకొనెను.

భారత సైన్యమునకు ఈ పిస్తోలు ఇషాపూరులో తయారైనది. కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ తీరముననున్న ఈ ఊరిలో 18వ శతాబ్దపు తుదినుండియే తుపాకిమందు చేయు పని యుండెను. 1904లో రైఫిలు కర్మాగారము వెలసెను. అచ్చట చేసిన హైపవరునకు 9 మి.మీ. ఆటో పిస్తోలు 1ఎ అని సైన్యపు పేరు. 2021 అక్టోబరు 1వ తేదీన ఆర్డినెన్సు ఫ్యాక్టరీల బోర్డు విడిపోయి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా ఏర్పడినప్పుడు ఈ కర్మాగారము వానిలో నొకదానికి చేరినది. బెల్జియములో ఎఫ్.ఎన్. కంపెనీ పాత హైపవరు తయారీని 2018లో విరమించినది. పుట్టినింట ఆగిపోయిన నమూనా దేశదేశముల ఆయుధాగారములలో ఇంకను సేవలో నుండుట విచిత్రము.

సొంతముగా పిస్తోలు గల గృహస్థుల కథ వేరు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఎవరును పిస్తోలు ఉంచుకొనరాదు, 9 మి.మీ., .45 వంటివి సామాన్యులకు నిషిద్ధమైన కొలతలు. అందుచేత సామాన్యుల వద్ద నుండు ఆటోమాటిక్ పిస్తోళ్లలో .32 అంగుళములవి పెక్కు. వానిలో విదేశములలో చేసినవి, తండ్రి తాతల నాడు వచ్చినవి ఎన్నియో. 1980వ దశకపు నడుమనుండి విదేశీ ఆయుధముల దిగుమతి కట్టుబడుటచే పాతవాని వెల పెరిగెనే గాని తరుగలేదు. లోకములో యంత్రములన్నియు పాతబడినకొలది చౌకయగుచుండ, ఇచ్చట అరువదియేండ్ల పిస్తోలు క్రొత్తదానికన్న ప్రియము. ఐతే దానికి విడిభాగములు చేయు కర్మాగారము ఎప్పుడో మూతబడియుండును. తోలు ఒరలోనే ఏండ్ల తరబడి పడియుండుట దానికి మరియొక గండము. తోలు చెమ్మను పట్టియుంచును, తోలు పదును చేయుటకు వాడిన లవణములు ఉక్కును కొరుకును. ఎన్నికలు వచ్చినప్పుడు ఠాణాలోనో, ఆయుధ వర్తకుని వద్దనో అప్పగించిన పిస్తోలు ఎట్టి పెట్టెలో, ఎట్టి గదిలో ఉండునో యజమాని యెరుగడు. తిరిగి తెచ్చుకొన్న దినమున విప్పి తుడుచువారు తక్కువ. తూటాలు లైసెన్సు పుస్తకములో వ్రాసిన మేరకే దొరకును గనుక వానిని కాల్చి చూచుటకు మనసొప్పదు. ఆ విధముగ తండ్రి కొన్న తూటాలు కొడుకు చేతికి వచ్చును. పేలునో పేలదో తెలియని పిస్తోలు, పేలునో పేలదో తెలియని తూటా. ఇనుప పెట్టెలో నున్నదను ధైర్యము మాత్రము ఇంటిల్లిపాదికిని కలదు.

యజమాని మరణించినచో వారసులు ఆయుధమును అప్పగించి, తమ పేర లైసెన్సు కోరవలయును. 2019 సవరణచే ఒక్కొక్కరికి మూడు ఆయుధములుండవచ్చునన్న పరిమితి రెండుకు తగ్గెను. మూడవదానిని విడువవలసిన కుటుంబములు తాతల నాటి దానిని విడుచుటా, పనిచేయుదానిని విడుచుటా యని తర్జనభర్జన పడవలసివచ్చెను.

ఈ .32 పిస్తోళ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది గూడ బ్రౌనింగ్ చేతి పనియే. కోల్టు కంపెనీ 1903 నుండి 1945 వరకు సుమారు 5 లక్షల 70 వేలు చేసిన జేబు పిస్తోలది. సుత్తి స్లైడు లోపల దాగియుండును, అంచులు నునుపు, జేబులో చిక్కుకొనదు. ఎనిమిది తూటాలు పట్టును. 1931 ఫిబ్రవరి 27వ తేదీన అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర ఆజాదు పోలీసుల చుట్టివేతలో పోరాడి, తుది తూటాను తనకే ఉంచుకొన్న దినమున ఆయన చేతనున్నది ఇట్టి కోల్టు పిస్తోలే. దానిని ఆనాటి ఆంగ్లేయ పోలీసు అధికారి ఇంగ్లండునకు తీసికొనిపోయెను. 1970వ దశకమున అది తిరిగి వచ్చెను. అలహాబాదు మ్యూజియములో ప్రదర్శింపబడుచున్నది.

భగత్‌సింగ్ పిస్తోలు కథ ఇంతకన్న విచిత్రము. 1928 డిసెంబరు 17వ తేదీన లాహోరులో సాండర్సు వధకు వాడిన .32 కోల్టు ఆటోమాటిక్ పిస్తోలు సంఖ్య 168896 అని కోర్టు పత్రములలో నమోదైనది. కేసు ముగిసిన పిమ్మట దానిని ఫిల్లౌరులోని పోలీసు శిక్షణాలయమునకు పంపిరి. దేశ విభజన జరిగెను. పత్రములు ఒక దేశమున, ఆయుధము ఒక దేశమున మిగిలినవి. 1960వ దశకము చివర ఫిల్లౌరు నుండి మరికొన్ని ఆయుధములతోపాటు అది సరిహద్దు భద్రతా దళము వారి ఇందోరు శిక్షణా కేంద్రమునకు చేరెను. అది ఎవరి పిస్తోలో వ్రాసిన కాగితము దానితో రాలేదు. ఆ కేంద్రపు ఆయుధశాలలో పాత పిస్తోళ్ల నడుమ ఒక పాత పిస్తోలుగా అది నిలిచియుండెను. తుప్పు పట్టకుండ నల్లరంగు పూసిరి. రంగు క్రింద సంఖ్య మరుగుపడెను.

2016లో విచారణ రాగా అధికారులు ఆ జాతి పిస్తోళ్లను బయటికి తీసి, రంగును నెమ్మదిగా గీకి చూచిరి. ఒకదానిపై 168896 వెలువడెను. కోర్టు పత్రముతో సరిపోల్చి చూచిరి, సరిపోయినది. ఎనుబదియేండ్లకు పైగా ఎవరును ఎరుగకున్నను ఉక్కు చెడలేదు, చెక్కిన అంకెలు చెరగలేదు. ఏ గుమాస్తా వ్రాసెనో గాని కోర్టు పట్టికలోని ఆరంకెలును తప్పు లేకుండ నున్నవి. మరుసటి సంవత్సరము ఆ పిస్తోలును ఫిరోజుపూరు జిల్లా హుస్సేనీవాలాకు, సట్లెజ్ తీరమున భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవుల సమాధి స్థలము చెంతనున్న మ్యూజియమునకు చేర్చిరి. అద్దపు పెట్టెలో దానిని చూచువారు మొదట వెదకునది ఆ సంఖ్యనే.